సగటు గీత

గొట్టం లోపలి రేకు పగలగానే దివాకర్ సార్ నోటి నుంచి వచ్చింది గుర్వయ్య పేరే.

"బోల్టులు సరిగ బిగియ్యకపోతే గిట్లనే ఐతది. సోమవారం నుంచి రాకు."

భువనగిరి అవతలి ఇంజనీరింగు కాలేజీలో గాలి సొరంగానికి గుర్వయ్య ఫిట్టరు. చప్పుడు పోయే వేగం కంటే జోరుగా గాలిని గొట్టంలోకి వదులుతారు. లోపల బిగించిన పలుచని రేకు ముందర ఆ గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతుంది. దాన్ని షాక్ అంటారు. దాని మీదే దివాకర్ సార్ కింద నిరోష పరిశోధన. హుజూర్‌నగర్ దిక్కు గొర్లు కాసే ఇంటి పిల్ల.

గుర్వయ్య తన పానాలు తుడిచి సంచిలో వేసుకుంటుంటే ఆమెకు ఒళ్లు మండింది.

"తప్పు నీది కాదు కాకా. షాక్ ఒక్క కాడ నిలుస్తలేదు."

"అంటే ఏంది బిడ్డా?"

"మంద సందుల వడి ఉరుకుతాంది అనుకో. గోడకు రాసుకునే గొర్లు ఎనుకవడ్తయి గద? ముంగట అడ్డం తగిలితే ముందుగాల ఆగేటియి గవే. ఇగ మందంతా ముంగటికి ఎనుకకు ఊగుతది. రేకుకు రాసుకునే గాలి గూడ గట్లనే ఆగి, షాక్‌ను ఊపుతాంది. గా ఊపుడుకే రేకు పగిలింది."

"సార్ కెమెరా బొమ్మల షాక్ సక్కగ గీత లెక్కనే ఉంది మరి?"

"ఒక్కో బొమ్మల ఒక్కో కాడ ఉంటే, అన్ని కలిపి సగటు తీసిండు. సగటుల ఊపుడు కనవడ్తదా?"

ఆ మాటే పోయి సార్ ముఖాన అన్నది. తోటి విద్యార్థులు గుమ్మంలో గుమిగూడారు.

"కెమెరా అదిరి ఉంటది," అన్నాడు సార్. "గొర్ల కాడ మాట్లాడినట్టు మాట్లాడకు. చదువుకున్నవు గద!"

"గొర్లు కాసినోళ్లకు కదిలేది కదుల్తాందనే తెలుస్తది సార్. కొత్త రేకు మీరే బిగియ్యుండ్రి. మీ చేతులతోనే."

అంతమంది ముందు సార్ కాదనలేకపోయాడు. గుర్వయ్య సంచిలోంచి పానా లాక్కుని, అతన్ని దగ్గరికి రానీయక, చెమటలు కక్కుతూ ఒక్కో బోల్టూ బిగించాడు.

గాలి వదిలారు. గొట్టం కీచుమంది. ఏమీ కాలేదు. సార్ నిరోష వైపు చూసి నవ్వాడు. మళ్లీ వదిలారు, మళ్లీ వదిలారు. ఆ నవ్వు ఉండగానే లోపల టప్పుమంది.

తెరిచి చూస్తే బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. రేకు మాత్రం షాక్ ఊగిన చోటనే నిలువునా చీలింది.

"రేకు మంచిది కాదేమో," అన్నాడు సార్.

నిరోష పళ్లు కొరికింది. ఆమె నోరు తెరిచేలోపే గుర్వయ్య ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

"నా పానా ఇయ్యి సార్. సోమవారం పనుంది."