కోకిల ఎత్తిన కావడి

ఏడవడం కూడా సమాజం పెట్టిన విధే అని నిన్నగాక మొన్న తిరువళ్లూరు కాలేజీలో సమాజశాస్త్రం పాఠం చెప్పి వచ్చింది కదా, మరి ఇప్పుడు గొంతుకు అడ్డం పడుతున్నదేమిటి, విధా, దుఃఖమా, పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడమా, కోకిలకు తెలియడం లేదు, భుజం మీద పూల కావడి ఒక పక్కకు ఒరుగుతోంది, తిరుత్తణి కొండమెట్లు కాలుతున్నాయి, ముందూ వెనుకా పసుపు బట్టల జనం, అరోహరా అని స్వామిని పిలుస్తూ ఒకటే కేక, ప్రతి ఆడికృత్తిక పండక్కూ తమ్ముడు మహేంద్ర మొక్కుగా ఎత్తే కావడి ఇది, నిరుడు ఊత్తుకోట దారిలో లారీ గుద్ది పోయాడు, ఏడాది మైల తీరగానే అమ్మ, వాని మొక్కు నిలిచిపోకూడదు పాపా, ఈ తూరి నువ్వెత్తు అన్నది, నాకు నమ్మకం లేదమ్మా అంటే, నమ్మకం నాకుండాది లే, నువ్వు భుజమియ్యి చాలు అన్నది.

ఇంతమంది ఒక్కచోట చేరి ఒక్క కేక వేస్తే పుట్టే వేడినే మనుషులు దేవుడనుకుంటారని చెప్పాడు సమాజశాస్త్రానికి పునాది వేసిన డర్క్‌హైమ్, ఫ్రాన్సులో తరతరాల యూదు మతగురువుల ఇంట పుట్టి ఆ పీఠం వద్దన్నవాడు, ఆయన మాటలకే తాను ఇన్నేళ్లుగా మార్కులు వేస్తోంది, మరి ఆ వేడి తన అరికాళ్ల నుంచే పైకి పాకుతుంటే దాన్నేమనాలి, నోరు దానంతటదే అరోహరా అంటోంది, అన్నది తనా, వాళ్లా, తమ్ముణ్ణి వాకిట్లో పడుకోబెట్టిన రోజు ఆడవాళ్లంతా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే తాను గోడకు ఆనుకుని, ఎవరు మొదలుపెట్టారు, ఎవరు అందుకున్నారు అని చూస్తూ నిలబడింది, కన్ను తడవలేదు, మేనత్త, సదువుకున్న కండ్లు గదా, ఎండిపోయినాయి అన్నది, నిజమేనేమో, తనకు ప్రేమే లేదేమో, లేక వాళ్లదే నటనేమో, ఏడాదైనా తేలలేదు.

కాలు జారింది, కావడి ముందుకు తూలింది, వెనుక వస్తున్న పెద్దాయన ఎవరో ఒంటిచేత్తో ఆపి, పైలం తల్లీ, ఎవురి మొక్కు ఇది అన్నాడు, మా తమ్మునిది, పోయినాడు అన్నది, అంతే, ఆయన ముఖం ముడుచుకుపోయింది, అయ్యో పావం, చిన్నోడా అంటూ తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు, తమ్ముణ్ణి ఎన్నడూ చూడని మనిషి, పక్కన ఎవరో ఆడమనిషి, తన వెంటే మెట్లెక్కుతున్న అమ్మను పొదువుకుని, ఏడ్చు మే, కడుపులో పెట్టుకోవద్దు అన్నది, అమ్మ గొంతు లేచింది, దాని వెంటే ఇంకో గొంతు, అది తనదేనని కోకిలకు ఆలస్యంగా తెలిసింది.

డర్క్‌హైమ్ కొడుకు యుద్ధంలో పోయాడు, ఆ ముక్క సిలబస్‌లో లేదు, కొడుకు మాట తన ముందు ఎత్తవద్దన్నాడట, నోరు బిగించి పనిలో పడ్డాడట, రెండేళ్లయినా తిరగకముందే తానూ పోయాడు, దుఃఖం పదిమందిదని లోకానికి చెప్పినవాడు తన దుఃఖాన్ని ఒక్కడే మోశాడు, ఎంత పిచ్చి, తానూ ఏడాదిగా చేసింది అదే కదా, పెద్దాయన చేయి కావడి మీద అలాగే ఉంది, జనం ఆగలేదు, వాళ్లతోపాటు తన కాళ్లూ ఎక్కుతున్నాయి, కన్నీళ్లు మెడ దాకా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, పదిమంది పట్టుకుంటే గాని రాని ఏడుపే కావచ్చు, అయినా అది తన తమ్ముడి కోసం తాను ఏడ్చిన ఏడుపే.