ఇంకా రాయని నేరం

సక్కుబాయి టీచర్ ఇనుప జాలీకి అటువైపు చాప పరుచుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు, నేను ఇటువైపు నిలబడి చూస్తున్నాను, ఇది జైల్లోని ములాఖత్ గదే గానీ గోడకు నల్లబల్ల ఉంది, బల్ల మీద ఎవరో సగం తుడిచేసిన లెక్క ఉంది, నేల మీద పాదాలు మునిగేంత నీళ్లు నిలిచి ఉన్నాయి, చాప మాత్రం తడవడం లేదు. టీచర్ చనిపోయి ఏడాది దాటిందని నాకు తెలుసు. జైలు నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి మా భుజాల మీదికి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే బాగుండదని ఊరుకుంటున్నాను.

"సువర్ణా, నేను జేసిన నేరమేందో రాసిండ్రా?" అని అడుగుతారు తల ఎత్తకుండానే.

"ఇంకా రాయలే టీచర్."

"గింత ఆలస్యమా? సచ్చినోళ్ల మీద రాసుడు అల్కగనే ఉండాలె గదా, ఎదురు మాట్లాడరు" అని నవ్వుతారు, ఆ నవ్వుకు నీళ్లు కాస్త కదులుతాయి.

నాకు నవ్వు రావడం లేదు. మా హక్కుల సంఘానికి పెద్దదిక్కు ఆమే, ఎవరి బిడ్డను పోలీసులు ఎత్తుకుపోయినా ఆ తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి స్టేషన్ గుమ్మం ముందు కొంగు పరుచుకుని కూర్చునేవారు, ఆమె దగ్గర చదువుకున్న కానిస్టేబుళ్లు ఆమెను చూడగానే తెలియకుండానే లేచి నిలబడేవారు. అలాంటి మనిషిని ఒకనాడు ఇంట్లోంచి తీసుకుపోయి, ఎందుకని అడిగితే ముందుజాగ్రత్త అన్నారు, ముందుజాగ్రత్తకు నేరం అక్కర్లేదన్నారు, గడువు అయిపోవచ్చినప్పుడల్లా మళ్లీ పొడిగించారు. లోపల ఆమె రోజూ పొద్దున జైలు సూపరింటెండెంటును ఒక్కటే అడిగేవారట, నా నేరమేంది అని. తిట్టేవారు కాదట, బతిమాలేవారూ కాదట, బడిలో హాజరు పిలిచినంత మామూలుగా అడిగేవారట. అంత ఓపిక, అంత మొండితనం నాకు ఏడు జన్మలెత్తినా రావు.

చూస్తుండగానే జాలీ పక్కన తలుపు తెరుచుకుని ఆ సూపరింటెండెంటే వస్తాడు, భుజాల మీద నక్షత్రాలు మెరుస్తున్నాయి గానీ కింద బడి నిక్కరు వేసుకున్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని నీళ్లలో నిలబడి నసుగుతాడు.

"ఇయ్యాల గూడ తేలే టీచర్."

"రేపన్న తెస్తవా?"

"పైనుంచి రావాలె టీచర్."

"పైన ఎవలున్నరు?"

అతను పైకి చూస్తాడు, నేనూ చూస్తాను, కప్పు ఉండాల్సిన చోట మబ్బు పట్టిన ఆకాశం ఉంది, అక్కడ ఎవరూ లేరు. "సరే, నిలబడి ఏం జేస్తవ్, కూసోని ఇవన్నా తియ్" అని టీచర్ గుప్పెడు చిక్కుడుకాయలు అతని ముందు పోస్తారు, అతను చతికిలబడి బుద్ధిగా ఈనెలు తీస్తుంటాడు. ఈమెను బంధించామని అనుకున్నారు గానీ, వాళ్ల తరం కాలేదు.

ఇప్పుడు జాలీకి అటువైపు నేనున్నాను, ఇటువైపు టీచర్ ఉన్నారు, ఎప్పుడు మారామో తెలియదు.

"సారంగపాణి ఏడి?" అని అడుగుతారు.

ఆ పేరు వినగానే కాళ్ల కింద నీళ్లు చల్లబడతాయి. సారంగపాణి నా భర్త, టీచర్ తర్వాత సంఘం పని నెత్తికెత్తుకున్నవాడు.

"తీస్కపోయిండ్రు టీచర్. బస్టాండ్ల మఫ్టీల వచ్చి జీపెక్కించిండ్రట. మొన్నటి సంది స్టేషన్ సుట్టు తిరుగుతున్న, మా దగ్గర లేడంటుండ్రు. కేసు లేదు, ఏం లేదు. అసలు పాణంతోని ఉన్నడో లేడో సుత తెల్వది."

"ఏమని అడిగినవ్?"

"ఉన్నడా అని. ఇరవై నాలుగు గంటల్ల జడ్జి ముందట పెట్టాలె అని చట్టం జెప్పిన, తీర్పులు జెప్పిన."

"మన సంఘపోళ్లందరికీ గిదే రోగం, నోరు తెరిస్తే సెక్షనే" అని టీచర్ నెత్తి కొట్టుకుంటారు. "ఉన్నడా అంటే లేడనుడు వాళ్లకు అలవాటైపోయింది బిడ్డా, నిద్రల లేపి అడిగినా అదే అంటరు. తిన్నడా అని అడుగు. గా సెంట్రీ సుత ఇంట్ల అన్నం పెట్టే తల్లి ఉన్నోడే. తిండి సంగతి అడిగితే ముందుగాల మనిషి జవాబిస్తడు, పోలీసు ఎన్కనుంచి వస్తడు."

"మీకు లోపల భయం కాలేదా టీచర్?"

"ఎందుకు కాలే? మస్తు అయింది. భయమైతుందని అడుగుడు బంజేస్తమా?"

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, ఇద్దరి మధ్యా ఇప్పుడు జాలీ లేదు, టీచర్ చాప చుట్టి చంకన పెట్టుకుని నల్లబల్ల వైపు నడుస్తున్నారు, బల్ల కిటికీలాగా తెరుచుకుంటోంది, నన్నూ రమ్మంటారేమోనని అడుగు వేస్తాను, ఆమె వెనక్కి తిరిగి చూసి రావద్దని తల ఊపుతారు, ఎవరో దగ్గరలోనే అమ్మా, ఓ అమ్మా అని పిలుస్తున్నారు.

"ఓ అమ్మా, ఈడ పండొద్దు. సార్ వచ్చే యాళ్లయింది, లే."

కళ్లు తెరిచాను. స్టేషన్ ఎదుట సిమెంటు బెంచీ, నడినెత్తిన ఎండ, నా ముందు సెంట్రీ కానిస్టేబుల్. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అడిగినా లేడు, లేడు అన్నది ఇతనే. నాకు ఇంకా సగం నిద్రే.

"తిన్నడా అన్నా?" అన్నాను.

"ఏడ తిన్నడమ్మా, దవడ వాసింది, రెండు బుక్కలు మింగి పక్కన పెట్టిండు" అన్నాడు. అన్నాక అతని ముఖం పాలిపోయింది. గబుక్కున స్టేషన్ గుమ్మం వైపు చూశాడు.

బతికే ఉన్నాడు. కొట్టారు, కానీ బతికే ఉన్నాడు, ఈ గోడల వెనకే ఉన్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. వకీలుకు ఫోన్ చేయాలి, సంఘం వాళ్లకు చెప్పాలి. కానీ ముందు నా నోట వచ్చింది వేరే మాట.

"జావ కాసుకొస్త అన్నా. జెర నువ్వే లోపలియ్యి."

అతను ఈసారి లేడనలేదు.