యాడ కాదు, యాడీ

నాకు నోరెక్కువని జనగామలో చాలామందికి తెలుసు. ఆ పేరు నాకిష్టమే. మా నిరాశ్రయుల వసతి గృహానికి పలచటి దుప్పట్లు దించబోయిన వ్యాపారిని గేటు దగ్గరే నిలేసి, మందపాటివి వచ్చేదాకా అతని ఆటోను కదలనివ్వలేదు. వేడినీళ్ల హీటరు కాలిపోతే, బాగుచేసే మనిషి ఇంటికే పోయి అరుగు మీద కూర్చున్నాను. అలాంటి నా నోరు, డిసెంబరులో ఒక సాయంత్రం, ఒక్క మాట చెప్పాల్సిన చోట మూతపడింది.

ఆ వారం చలి విపరీతం. పొద్దున ఎనిమిదయినా రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకునే పోయేవి. బస్టాండులో, రైల్వే ప్లాట్‌ఫారం మీద పడుకునేవాళ్లను పొద్దుగూకేసరికి లోపలికి చేర్చాలని పైనుంచి చెప్పారు. మా వాచ్‌మన్ సమ్మయ్య ఆటో తీసుకుని ఊరంతా తిరిగేవాడు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు వంటమనిషి భాగ్య వేడి జావ పోసేది. పేర్లు అడగడం, పడక చూపించడం నా పని.

ఆ సాయంత్రం ఆరింటికి సమ్మయ్య ఒక ముసలమ్మను చేయి పట్టుకుని దించాడు. ఎవరో ఇచ్చిన నైలాన్ చీర, దాని మీద మగవాళ్ల స్వెట్టరు. ఒళ్లు కాలిపోతోంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"స్టేషన్ల బెంచీ కింద ముడుసుకొని ఉన్నది మేడం. ఏం మాట్లాడుతున్నదో ఏమో, ఒక్క ముక్క సమజైతలేదు," అన్నాడు.

ముసలమ్మ నా ముఖంలోకి చూసింది. గడ్డం పట్టుకోవాలని చేయి చాచి, అందక నా కొంగు పట్టుకుంది.

"యాడీ," అంది. "యాడీ... యాడీ..."



"యాడ అంటున్నది మేడం," అంది భాగ్య జాలిగా. "యాడున్నదో తెలుస్తలేదు పాపం. మతి లేనట్టున్నది."

యాడ కాదు, యాడీ. మా లంబాడీ భాషలో అమ్మ. కన్నతల్లినే కాదు, ముద్దొస్తే కూతురినీ అలాగే పిలుస్తాం, కష్టమొస్తే ఎదురుగా ఉన్న ఆడమనిషినీ అలాగే పిలుస్తాం. ఒళ్లు తెలియని జ్వరంలో మనిషికి పుట్టినప్పటి భాషే నోటికొస్తుంది. ఆ తర్వాత ఆమె అన్నవన్నీ నాకు అర్థమయ్యాయి. తన పేరు తారి అంది. పట్నంలో ఇటుకలు మోసేదట, చేతకాకపోయేసరికి మేస్త్రీ పొమ్మన్నాడట, తండాలో ఉన్న ఇల్లు వానలకు కూలిపోయిందట. కాళ్లు కొంకర్లు పోతున్నాయి, కాస్త పొయ్యి పక్కన కూర్చోబెట్టమంది. మతి లేని మాట అందులో ఒక్కటీ లేదు.

"మీకేమన్న సమజైతున్నదా మేడం?" అని అడిగాడు సమ్మయ్య.

"లేదు," అన్నాను.

ఎందుకలా అన్నానో చెప్పడానికి ముఖం చెల్లడం లేదు, అయినా చెప్పాలి. మూడేళ్ల కింద జనగామ వచ్చిన కొత్తలో అద్దె ఇంటికోసం తిరుగుతుంటే భాగ్యే తన మేనత్త ఇల్లు ఇప్పించింది. "మా అత్త మంచిదే మేడం, తండోళ్లకు మాత్రం ఇల్లియ్యదు," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏ ఊరని అడిగితే దంతాలపల్లి అన్నాను. మా మండలం అదే, అబద్ధం కాదు. తండా పేరు మాత్రం మింగేశాను. నాన్న ఫోన్ చేస్తే మేడ మీదికి పోయి, గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఊళ్లో అందరి మీదా అరిచే నేను, మా నాన్నతో మా భాషలో గట్టిగా మాట్లాడి మూడేళ్లయింది.

ఏడింటికి మా సంస్థ సూపర్‌వైజర్ నగేష్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కాగితంలో ఏముంటే అది చేసే మనిషి. తారి ముందు కూర్చుని, "పేరేంది అవ్వా?" అని మూడుసార్లు అడిగాడు. ఆమె నన్నే చూస్తూ మళ్లీ యాడీ అంది.

"మతిస్థిమితం లేనోళ్లను మిగతావాళ్లతోని ఉంచొద్దు మేడం," అన్నాడు. "రేపు పొద్దుగాల బండి పిలిపించి వరంగల్ పంపుదాం. అక్కడ పిచ్చి దవాఖాన్ల చూపిస్తరు. ఈ రాత్రికి సామాన్ల గదిల పండబెట్టండి."

సామాన్ల గది కిటికీకి అద్దం లేదు, అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. ఇంకెవరి విషయంలోనైనా నగేష్ మీద ఒంటికాలి మీద లేచేదాన్ని. "సరే సార్," అన్నాను.

భాగ్య ఆమెకు జావ తాగించి, జ్వరం గోలీ మింగించింది. అందరూ అన్నాలకు కూర్చున్నాక నేను రెండు రగ్గులు తీసుకుని ఆ గదికి వెళ్లాను. తలుపు దగ్గరగా వేశాను. ఒళ్లంతా చెమట పట్టి, జ్వరం దిగి, తారి లేచి కూర్చుని ఉంది. రగ్గు కప్పుతూ మా భాషలో గుసగుసగా చెప్పాను. రేపు తెలుగులో మాట్లాడు, లేకపోతే పిచ్చిదానివని పంపించేస్తారు అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. నా రెండు చేతులూ పట్టుకుని ఎవరి బిడ్డవని అడిగింది. చెప్పకూడదనుకుంటూనే నాన్న పేరు చెప్పాను. వాల్యా బిడ్డవా అంటూ నా చేతులు కళ్లకద్దుకుంది. ఆమెది మా పక్క తండానే. నాన్న పెళ్లిలో పాటలు పాడిందట.

అక్కడితో ఆగినా కొంత మేలుగా ఉండేది. నేను తలుపు వైపు ఒకసారి చూసి, ఇంకో మాట కూడా అన్నాను. నేను తండాదాన్నని ఇక్కడెవరికీ తెలియదు, నా సంగతి బయటపెట్టొద్దు అన్నాను.

ఆమె కోప్పడలేదు. మెల్లగా నా చేతులు వదిలేసి, రగ్గు గడ్డం దాకా లాక్కుని తలూపింది. నేను ఇంటికి పోయి తలుపులన్నీ వేసుకుని పడుకున్నాను. సిగ్గుతో కన్ను మూతపడలేదు. ఆమెను కాపాడటానికి పోయానా, నన్ను నేను కాపాడుకోవడానికి పోయానా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు.

పొద్దున నేను వచ్చేసరికి వరంగల్ పోయే బండి గేటు ముందు ఆగి ఉంది. నగేష్ తారిని హాల్లో కూర్చోబెట్టి, పంపే ముందు ఆఖరిసారి అన్నట్టు అడిగాడు.

"పేరేంది అవ్వా?"

"తారమ్మ, సారూ," అంది తెలుగులో, స్పష్టంగా.

భాగ్య నోరు తెరిచింది. "మరి రాత్రి యాడ యాడ అన్నవేందవ్వా?"

"జరమొచ్చె బిడ్డా. యాడున్ననో తెల్వక అడిగిన."

నగేష్ నవ్వాడు. బండిని తిప్పి పంపించేశాడు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం కనిపించింది. ఒక ఫారం తీసి నా చేతికిచ్చి, రాయమన్నాడు. తారమ్మ అని రాశాను.

"నీదే ఊరవ్వా? ఊరి పేరు చెప్పినవంటే నీ పింఛను ఏమైందో అరుసుకుంటం. మీవోళ్లకు కబురు చేస్తం."

పింఛను అనగానే ఆమె పెదవులు కదిలాయి. తండా పేరు నాలుక దాకా వచ్చింది, నేను చూశాను. అదీ దంతాలపల్లి మండలమే, ఆ పేరు వింటే సమ్మయ్య ఊరుకోడు, మీ దిక్కే గదా మేడం, మీకు ఎరికేనా అంటాడు. తారి నా ముఖం చూసింది. నేను కాగితం చూశాను.

"ఊరు లేదు సారూ," అంది.

"అట్లెట్ల? పుట్టిన ఊరన్న ఉంటది గదా అవ్వా."

"యాదికి లేదు."

చెప్పు కళావతీ, ఇప్పుడైనా చెప్పు అనుకున్నాను. ఒక్క మాట చాలు. పింఛను వస్తుంది, వాళ్లవాళ్లెవరైనా వస్తారు. పోతే నా అద్దె ఇల్లు పోతుంది, అంతే. ఊరు అన్న గడిలో అడ్డగీత గీశాను. దాని కింద ఇంకో గడి ఉంది, మాతృభాష అని. దాన్ని వదిలేసి కాగితం తిప్పబోయాను.

"అది గూడ నింపాలె మేడం," అన్నాడు నగేష్.

నేను తలెత్తలేదు. తారే నా వైపు వంగింది. పక్కవాళ్లకు కూడా వినపడేలా, నెమ్మదిగా చెప్పింది.

"తెలుగు అని రాయుండ్రి మేడం."

రాశాను.