ఎర్ర రంగులో అక్క ఇల్లు

ఉడికిన బంగాళాదుంపల పొట్టు తీస్తూ యాంగ్జి తమ్ముడితో మాటలు మానేసింది. మంచుకొండల నడుమ ఏటి ఒడ్డున ఆమె నడిపే బసలో యాత్రికులు టీ తాగుతున్నారు. పొయ్యి దగ్గర అత్తగారు ఫుటి జపమాల తిప్పుకుంటోంది. చూసేవారికి ఎంతో నిశ్చింతగా కనిపించే ఆ ఇంటికి ఎగువన, మంచు కరిగి నిండిన సరస్సు ఒకటి ఏటేటా పెరుగుతోంది. దాన్ని ఆపుతున్నది వదులు రాళ్ల గట్టు మాత్రమే.

రాజధాని నుంచి వచ్చిన తమ్ముడు నురు కొలిచింది ఆ సరస్సునే. రబ్బరు పడవలో తిరిగి లోతు చూశాడు. గట్టు తెగితే నీరు ముంచే మేరంతా పటంలో ఎర్ర రంగు వేశాడు. అక్క ఇల్లు అందులోనే పడింది. ఈ మాట పొక్కితే బసకు ఎవరూ రారనీ, రంగు కాస్త ఏటి వైపు జరపమనీ ఆమె పొద్దుటి నుంచి బతిమాలింది, తిట్టింది. అతడు ఒప్పుకోలేదు. అయినా పొట్టు తీసిన దుంపలు, కారం ముద్ద అతడి ముందే పెట్టింది.

"జరపనంటావు, సరే. నీళ్లొస్తే అత్తను పట్టుకుని ఎటు పరుగెత్తాలిరా? నీ మ్యాప్‌లో అదుందా?"

నురు పటం విప్పాడు. ముప్పు ఎక్కడుందో అందులో ఉంది, తప్పుకునే దారి లేదు. రాజధానిలో అందరూ మెచ్చుకున్న పటమది. ఈ ప్రశ్న అక్కడ ఎవరికీ తట్టలేదు, తనకూ తట్టలేదు.

అతడు ఫుటి చెయ్యి పట్టుకుని మిట్ట వైపు నడిపించాడు. చేను దాటగానే పొరుగువాడు గ్యాల్జెన్ జడలబర్రెల దొడ్డి గోడ అడ్డమొచ్చింది. చుట్టూ తిరగాలంటే మళ్లీ ఏటి దగ్గరికే దిగాలి.

"నన్ను గోడ మీంచి అవతలికి విసిరేస్తావా అబ్బాయ్?" అని ఫుటి నవ్వింది.

పశువులను ఎప్పుడు పైకి తోలాలో ఊరికి చెప్పే పెద్ద కుషాంగ్ తాతను నురు పిలుచుకొచ్చాడు. గోడ తీయనని గ్యాల్జెన్ మొండికేశాడు. బర్రెలు చేలో పడితే జరిమానా వేసేది ఈ తాతే కదా అని ఎత్తిపొడిచాడు. తాత పై రాయి తీసి పక్కన పెట్టాడు.

"ఇక్కడ సందు చేసి అడ్డంగా కర్రలు పెట్టుకో. బర్రె ఆగుతుంది, మనిషైతే కర్రలు తీసి దాటిపోతాడు. మీ అమ్మా ఇటే ఎక్కాలి కదరా."

కాసేపటికి గ్యాల్జెన్ కూడా చెయ్యి వేశాడు. మనిషి పట్టేంత సందు ఏర్పడ్డాక ఫుటి దాటి, మిట్ట మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంది. నురు ఆ దారిని పటం మీద పచ్చగా గీశాడు.

ఇంటికొచ్చాక యాంగ్జి ఆ పచ్చ గీత వెంట వేలు జరిపి చూసింది. "మా భోజనాల గదిలో తగిలించు. వచ్చినవాళ్లూ చూసుకుంటారు," అంది.

ముప్పు ఉందని చెప్పి ఊరుకుంటే భయమే మిగులుతుంది. తప్పుకునే దారి కూడా చూపినప్పుడే మనిషి ఆ నిజాన్ని తన ఇంట్లోకి రానిస్తాడు.