ఎడమ సీటు

ఆ ఆదివారం ఈ పరాయి దేశంలో, టాంపినీస్‌లోని మా ఫ్లాట్‌లో ఉన్నది నాన్న సూరిబాబు, అమ్మ వీరమ్మ, అన్నయ్య కమల్, సెరంగూన్ నుంచి వచ్చిన పెదనాన్న రాజారావు, నేను. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అన్నయ్యకు కొత్తగా లారీ లైసెన్సు వచ్చింది. కంప్యూటర్ల పెట్టెలు విమానాలకు చేర్చే తొందరలో కంపెనీలన్నీ డ్రైవర్ల కోసం ఎగబడుతున్న రోజులు. అన్నయ్యను రెండు కంపెనీలు రమ్మన్నాయి. చాంగీవాళ్లు మొదటి మూడు నెలలు పాత డ్రైవరు పక్కన కూర్చుని పని నేర్చుకోమన్నారు. జూరోంగ్‌వాళ్లు సోమవారమే తాళంచెవి ఇస్తామన్నారు.

పక్కన కూర్చోవడమనగానే నాన్న మొహం మాడిపోయింది. ఆయన జీవితమంతా లారీలో ఎడమ సీట్లోనే గడిచింది. సరుకు దించడం, డ్రైవరు బండి వెనక్కి తీస్తుంటే దిగి చెయ్యి ఊపడం, అతనికి కాఫీ తేవడం. మా ఊళ్లో అయితే క్లీనరంటారు.

"లైసెన్సు జేబులో పెట్టుకుని నా కొడుకు క్లీనరు సీట్లో కూర్చుంటాడా?" అన్నాడు.

తండ్రి దిగ్గానే కొడుకు ఎక్కొచ్చు, సీటు ఇంకా వెచ్చగానే ఉంటుందని పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వుతో జూరోంగ్ ఖాయమైపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకుముందు శుక్రవారమే అన్నయ్య తనకివ్వబోయే బండి చూపిస్తానని నన్ను జూరోంగ్ యార్డుకు తీసుకెళ్లాడు. అక్కడ టైరు మారుస్తున్న భద్రయ్య అంకుల్ మేం తెలుగులో మాట్లాడుకోవడం విని దగ్గరకొచ్చాడు. బ్రేకు తొక్కితే ఆ బండి ఎడమకు గుంజుతుందని, పాతవాళ్లెవరూ దాన్ని ముట్టరని, అందుకే కొత్తవాళ్లకు అంటగడతారని చెప్పాడు. అన్నయ్య నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఇప్పుడు నోరు విప్పడేం?

పదో తరగతిదాకా అమ్మమ్మ దగ్గర ఊళ్లో చదువుకున్నాను. బళ్లో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడి, భద్రయ్య అంకుల్ అన్నదంతా చెప్పేశాను.

"డైరీ రాసుకునే పిల్లవి, నీకెప్పుడొచ్చిందమ్మా లైసెన్సు?" అన్నాడు పెదనాన్న.

నాన్న నా వైపు చూడలేదు. నిజమేనా అని అన్నయ్యను అడిగాడు.

"అలాంటిదేం లేదు నాన్నా. బండి ఓకే లా," అన్నాడు అన్నయ్య ఇక్కడివాళ్ల యాసలో, నేలకేసి చూస్తూ.

శుభమా అని బయల్దేరేవాడి ముందు ఆ మాటలేమిటని అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. చెయ్యి విడిపించుకుని అన్నయ్య గదికి వెళ్లాను. సోమవారానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఎందుకబద్ధమాడావు?"

"కింద కాఫీషాపులో నాన్న అందరికీ చెప్పేశాడు, మా వాడు బండి తోలతాడని. నేను పక్క సీట్లో కూర్చుంటే ఆయన ఇంక కిందికి దిగడు. నీకు తెలీదు, వదిలెయ్."

నాకు తెలుసు. తెలిసే కోపం.

"బ్రేకు తొక్కేది నువ్వు. నాన్న కాదు."

ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. ఏదో అంటాడనుకున్నాను. హాల్లోంచి నాన్న నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వుతున్నాడు. అన్నయ్య ఆ నవ్వు విన్నాడు. దగ్గరకొచ్చి, నా భుజం పట్టుకుని గుమ్మం బయటికి నెట్టి, తలుపేసుకున్నాడు.