తాటితోపు స్టాపులో ఒక్క గీత

ఆ ఒక్క గీత గీయకుండా ఉంటే ఏమయ్యేది? పదేళ్ళుగా సింహాద్రి అప్పన్న ముందు నిలబడినప్పుడల్లా నాకిదే సందేహం. కళ్ళతో చూసిందే గీశాను. నిజం రాయడం తప్పెలా అవుతుంది స్వామీ?

డెబ్బై ఆరు భాద్రపదం. ఎమర్జెన్సీ రోజులు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తే విశాఖ పెరుగుతుందని, పాతికేళ్ళ తర్వాత ఎంతమంది బస్సెక్కుతారో తేల్చమని మా ఆఫీసు స్టాపుకో గుమాస్తాను పంపింది. ఎక్కిన మనిషికో గీత. నాకు పద్మనాభం దారిలో తాటితోపు పడింది. లెక్క బాగుంటే అక్కడికి ఇంకో మూడు బస్సులు. లేకపోతే స్టాపే ఎత్తేస్తారు.

రెండు రోజులు ఒక్కరూ ఎక్కలేదు. ఆఖరిదైన మూడో రోజు వంకాయల గంపతో సన్యాసమ్మ అనే ముసలామె వచ్చింది.

“ఊళ్ళో జనం ఏరమ్మా?” అన్నాను.

“సెరుకు తోటల్లో అడ్డంపడి అవతల స్టాపుకెల్లి ఎక్కుతన్నారు బాబూ. కాయితం అట్టుకుని కూకున్నావు గదా! పిల్లలు పుట్టకుండా సేసే ఆపరేసన్లకి పేర్లు రాత్తన్నావని మా మొగోళ్ళ బయ్యం.”

“మరి నీకు?”

“నన్ను కోత్తే ఏటుంటాది? పుచ్చొంకాయ!”

ఎండకు వాడిన నా మొహం చూసి అడుగున సొట్టపడిన ఇత్తడి గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగుతుండగానే బస్సొచ్చింది.

“నన్ను బాగా రాయి బాబూ!” అంటూ ఎక్కేసింది.

గీశాను. గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

ఇంజనీరు భీమశంకరరావు గారికి జనం ఎందుకు రాలేదో చెప్పాను.

“కారణాలకు ఫారంలో గడి లేదయ్యా. సున్నా వచ్చుంటే నువ్వు చెట్టుకింద నిద్రపోయావనుకుని మళ్ళీ లెక్క పెట్టించేవాణ్ణి. ఒకటి వచ్చింది. అంటే మెలకువగానే ఉన్నావు.” ఏడాదికి మూడు శాతం చొప్పున పెంచి చూసి నవ్వారు. “రెండువేల ఒకటికి ఇద్దరు! సీటు కోసం కొట్టుకోరులే.”

స్టాపు ఎత్తేశారు. మొహం చెల్లక నేనటు వెళ్ళలేదు. గ్లాసు తోమి పూజగదిలో పెట్టాను. దేవుడి సామానులో కలిసిపోతుందనుకున్నాను. కలవలేదు.

మొన్న ఎనభై ఆరులో సంచిలో వేసుకుని బయల్దేరాను. తాటితోపు రాగానే లేస్తే “ఈడ ఆపం” అన్నాడు కండక్టరు. అవతల స్టాపులో దిగి రెండు మైళ్ళు వెనక్కి నడిచాను.

సన్యాసమ్మ తన ఇంటి అరుగు మీద ఉంది. ఆ రెండు మైళ్ళూ రోజూ గంప మోసి మోకాళ్ళు పోయాయి. చూపూ సరిగా ఆనడం లేదు. నేనెవరో చెప్పకుండా, సన్యాసమ్మను చూడ్డానికి వచ్చానన్నాను.

“మా అమ్మని ఊళ్ళో ఏటని పిలుత్తారో తెలుసా బాబూ? ఒక్కర్తి!” కొడుకు వరహాలు నవ్వాడు. “బస్సు కోసరం అర్జీ ఎడితే, మీ కాడ ఎక్కేది ఒక్కర్తేనని రాసి పంపినారు. అది ఈ ముసిల్దే!”

“ఆయాల తోటల్లోంచి పారిపోయినోడివి నువ్వే గదరా?” అందామె. “ఆ బాబు నన్ను బాగానే రాసుంటాడు. మద్దిన ఎవులో సెరిపేసుంటారు.”

గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టాను. అడుగున ఉన్న సొట్టను బొటనవేలితో చాలాసేపు తడిమింది.

“గ్లాసుడు నీళ్ళు తాగడానికి పదేళ్ళు అట్టిందేటి బాబూ?” అంది.