చేప నూనెలో పడ్డ సాయంత్రం

ఫెర్రీ నడినీటికి చేరగానే పక్కనున్న సిమెంటు లారీ బుస్సుమని గాలి వదిలింది. మేజుమా ఒళ్ళో కూర్చున్న కిబ్వానా ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. ఊగుతున్న కాళ్ళు ఆగాయి, నములుతున్న నోరు ఆగింది, చూపు సముద్రం మీద ఎక్కడో నిలిచింది. మరుక్షణం డయాపర్ బరువెక్కి తల్లి తొడకు వెచ్చగా తగిలింది. ఆ తర్వాత వాడు ముఖమెత్తి చెంప చూపించాడు. రొట్టెపొడి అంటిందేమోనని మేజుమా ఒంటికి చుట్టుకున్న లెసో గుడ్డ అంచుతో ఆ చెంప తుడిచింది.

వాడికి రెండేళ్ళు నిండవస్తున్నాయి. వాళ్ళ తెగ, ఆ తీరంలోని డిగోల ఇళ్ళలో ఆ వయసు పిల్లవాడు పొడిగా ఉండటం గొప్ప కాదు, తడిగా ఉండటమే వింత.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. కాన్పైన కొద్దివారాలకే అత్తగారు మ్వనతుము మొంబాసా వచ్చి, నేలమీద కాళ్ళు బారచాపి, మనవడి వీపు తన పొట్టకు ఆనేలా కాళ్ళ నడుమ కూర్చోబెట్టుకుని, "శ్శూ" అని పిలిచేది. వాడు ఉచ్చ పోసేవాడు. పోసిన ప్రతిసారీ చెంప మీద ఒక ముద్దు దక్కేది. పళ్ళు మొలవకముందే వాడికి ఆ పద్ధతి అలవడింది. వాడి తొలి పుట్టినరోజు రాకముందే, ఆడపడుచు పురిటికని అత్తగారు తన ఊరు కినోండో తిరిగి వెళ్ళింది. మేజుమా మళ్ళీ కుట్టుపనిలో చేరింది. పగలు పిల్లవాణ్ణి చూసుకునే ఆవిడ, డయాపర్ లేనిదే గడప తొక్కనివ్వనన్నది.

ఇంటి దగ్గరైనా పాత పద్ధతి సాగించవలసింది. కానీ ఒకనాడు వసారాలో మేజుమా కాళ్ళు చాపడం చూసి ఎదురుగదిలోని టీచరమ్మ నవ్వింది. "ఇంకా ఆ పల్లెటూరి కూతలేనా, తల్లీ?" అన్నది. ఆ నవ్వుతో మేజుమా గొంతులోని పిలుపు లోపలే ఉండిపోయింది. బజారులో పిల్లలు ఉచ్చకు కూర్చునే, బాతుబొమ్మ ఉన్న పసుపు ప్లాస్టిక్ పాటీ కొన్నది. వాణ్ణి దాని మీద కూర్చోబెట్టి, మాటా పలుకూ లేకుండా కనిపెట్టుకుని ఉండేది. వాడు రాజులా కూర్చునేవాడు, రాజులా లేచేవాడు. పాటీ పొడిగా ఉండేది. ఆనక ఎప్పుడో, టీ పొంగి పొయ్యి మీద పడ్డప్పుడో, ఇస్త్రీ దుకాణం ముందు నిలబడ్డప్పుడో, చెప్పాపెట్టకుండా తడిపేవాడు.

ఉపవాసాల నెల గడవనీ అనుకున్నది. వానలు వెలియనీ అనుకున్నది. మాటలు రానీ అనుకున్నది. ఇలా వాయిదా మీద వాయిదా వేస్తుండగా, ఆ టీచరమ్మే మరో మాట విసిరింది. "నరాల్లో లోపమేమో, ఆసుపత్రిలో చూపించు." ఆ మాట ముల్లులా దిగింది. సోమవారం ఆసుపత్రికి వెళ్ళాలి. ఈలోగా అత్తగారిని ఒకసారి అడగాలి. మేజుమా కినోండోకు బయలుదేరింది అందుకే.

కినోండోలో మ్వనతుము మనవణ్ణి ఎత్తుకోగానే ఆమె చెయ్యి వాడి వెనకవైపుకు పోయింది, అక్కడే ఆగింది.

"ఇదేమిటే, వీడికి రెండో పిర్ర మొలిచిందా?"

"డయాపర్, అత్తా."

"తెలుసులే, నాకూ కళ్ళున్నాయి." ఆమె దాన్ని విప్పి, రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. "ఇంత బరువు మోస్తూ నడుస్తున్నాడు. గాడిదకైనా సాయంత్రానికి మూట దించుతారు."

మేజుమా నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇప్పుడు మొదలుపెట్టనా, ఇంకా ఆగనా? నువ్వే చెప్పు."

"మొదలుపెట్టడమేమిటే? అది చంకలో పిల్లల్ని పిలిచే పిలుపు. కోళ్ళను తరిమేవాణ్ణి కాళ్ళ మధ్య ఎవరు కూర్చోబెడతారు? వేళ దాటిపోయింది. మాటలొచ్చి వాడే అడిగేదాకా ఆగాల్సిందే."

"నరాల్లో ఏదో ఉందేమో అంటున్నారు."

మ్వనతుము మనవడి నడుముకు తన పాత లెసో ముక్క చుట్టి, ముడి వేసి, ముడి సరిగానే ఉన్నా మళ్ళీ విప్పి వేసింది. "నేను ఆ రోజు మిమ్మల్ని వదిలి ఇక్కడికి రాకుండా ఉండాల్సింది" అన్నది.

సాయంత్రం పెరట్లో పొయ్యి వెలిగింది. అత్తగారు కొబ్బరి తురుముతున్నది. కోడలు పసుపూ ఉప్పూ పట్టించిన చేపను మూకుడులోకి జార్చింది. నూనె శ్శూ అని లేచింది.

కోడి వెనక పరుగెడుతున్న కిబ్వానా ఆగిపోయాడు. ఫెర్రీలో ఆగినట్టే ఆగాడు. చూపు అలాగే నిలిచింది. కోడి వాడి కాళ్ళ సందునుంచి దాటిపోయినా పట్టించుకోలేదు. నింపాదిగా అక్కడే కూలబడి, కాళ్ళు చాపి, ఇసుక మీద ఉచ్చ పోశాడు. పోసి, తల్లి వైపు తిరిగి, ముఖమెత్తి, చెంప చూపించాడు.

మేజుమా చేతిలోని గరిటె కింద పడింది. ఆ చెంప మీద ఇప్పుడు రొట్టెపొడి లేదు. వాడు చూపిస్తున్నది తుడవడానికి కాదు. లారీ, పొంగిన టీ, ఇస్త్రీ పెట్టె కింద తడిబట్ట, అన్నీ ఒకే గొంతుతో ఆమె చెవిలో పలికాయి.

"అత్తా, వాడు ముద్దు అడుగుతున్నాడు."

"ఎవరు?"

మేజుమా అప్పటికే వాడి దగ్గర మోకాళ్ళ మీద ఉన్నది. ముద్దు పెట్టింది. బాకీపడ్డ ముద్దులన్నీ ఒక్కసారే పెట్టబోతే వాడు విసుక్కుని మళ్ళీ కోళ్ళ వెంట పడ్డాడు.

అయినా మనసు నిలవలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, వాడికి లేతకొబ్బరి నీళ్ళు తాగించింది, వేచి చూసింది. పొద్దు కొబ్బరి మట్టల కిందికి దిగుతుండగా నేలమీద కాళ్ళు బారచాపి కూర్చున్నది. పెదవి తడుపుకుని, మెల్లగా, "శ్శూ" అన్నది.

కిబ్వానా తలతిప్పి చూశాడు. చూసి, వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి, తల్లి కాళ్ళ నడుమ చతికిలబడ్డాడు. ఇప్పుడు వాడు ఆ చోటికి పెద్దవాడు. మోకాళ్ళు అటూ ఇటూ పొడుచుకొచ్చాయి. అయినా ఇరుక్కుని సర్దుకున్నాడు, పని కానిచ్చాడు, చెంప ఎత్తాడు.

మ్వనతుము కొబ్బరిచిప్ప ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. "వేళ దాటిందన్నాను కదూ. నా నోరు కాల్చ. వీడు ఏదీ మరిచిపోలేదే. లారీ పిలిచినా పలికాడు, చేప పిలిచినా పలికాడు."

"నేను తప్ప అందరూ పిలిచారు, అత్తా."

"అయితే ఇక నువ్వు పిలువు. ముందు ఆ చేప సంగతి చూడు, మాడిపోయింది."

"మాడనీ" అన్నది మేజుమా. ఎన్నాళ్ళకో గుండె నిండా గాలి పీల్చుకుని, ఇంకోసారి అన్నది. "మాడనీ, అత్తా." ఆ రాత్రి ముగ్గురూ మాడిన భాగం గీకేసి, మిగిలిన చేపను వేళ్ళు నాకుతూ తిన్నారు.

తిరుగు ప్రయాణంలో ఫెర్రీ కోసం జనం కిక్కిరిసి ఉన్నారు. మేజుమా దారి పక్కన గడ్డి మీద కూర్చుని, కాళ్ళు చాపి, కొడుకును దగ్గరికి తీసుకున్నది. ఎదురుగా ఎవరున్నారో చూసుకోలేదు. "శ్శూ" అన్నది, అందరికీ వినబడేలా.

చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకావిడ నిలబడింది. "కాస్త మెల్లగా అనమ్మా. వింటుంటే నాకూ వచ్చేలా ఉంది."

మేజుమా పకపకా నవ్వింది. కిబ్వానా తన ముద్దు తాను వసూలు చేసుకున్నాడు.

ఫెర్రీ నడినీటికి చేరింది. ఏదో లారీ బుస్సుమన్నది. ఊగుతున్న కాళ్ళు ఆగాయి, నములుతున్న నోరు ఆగింది. వాడు ఈసారి సముద్రం వైపు చూడలేదు, తల్లి ముఖంలోకి చూశాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

వాడు కాసేపు లారీని, కాసేపు తల్లిని చూసి, రొట్టె కొరికాడు. కాళ్ళు మళ్ళీ ఊగసాగాయి.